ఒకే డెంగీ కేసు, నాలుగు పద్ధతులు: నర్సింగ్ విద్యార్థులకు క్లినికల్ జడ్జిమెంట్ నేర్పడానికి ఏది ఎంచుకోవాలి?

విద్యా సంవత్సరం మొదలయ్యే ముందు నర్సింగ్ కళాశాలల్లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. స్కిల్ ల్యాబ్‌కు కేటాయించిన డబ్బుతో కొత్త మానికిన్ (రోగికి బదులు సాధనకు వాడే బొమ్మ) కొనాలా, కంప్యూటర్‌లో నడిచే రోగి కేసులకు చందా కట్టాలా, లేక ఉన్న ట్యూటర్ల చేతనే కేసులు రాయించుకోవాలా అన్నది ఆ ప్రశ్న. బెంగళూరులోని కళాశాలల్లో అనంతపురం, చిత్తూరు, కర్నూలు, కడప వైపు నుంచి వచ్చిన విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారికి పాఠం చెప్పే తెలుగు ట్యూటర్లూ తక్కువేమీ కాదు. ఆ ట్యూటర్లలో ఒకరిగా, ఈ పద్ధతులన్నింటినీ తరగతిలో వాడి చూసిన అనుభవంతో ఈ పోలిక రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. దశలవారీగా విప్పే కాగితం కేసుతో మొదలుపెట్టండి, దాని తర్వాత జరిగే చర్చకు ట్యూటర్లను తయారు చేయండి, ఆ రెండూ కుదిరాకే యంత్రాల మీద డబ్బు పెట్టండి. ఈ క్రమం ఎందుకో తెలియాలంటే క్లినికల్ జడ్జిమెంట్‌లో, అంటే రోగి స్థితిని చూసి ఏం చేయాలో తేల్చుకోవడంలో, మన విద్యార్థులు ఎక్కడ తడబడుతున్నారో ముందు చూడాలి.

అమెరికా నర్సింగ్ అధ్యాపకురాలు క్రిస్టీన్ టానర్ 2006లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం నర్సు ఆలోచన నాలుగు అడుగులుగా సాగుతుంది: గమనించడం, గమనించినదానికి అర్థం చెప్పుకోవడం, స్పందించడం, ఆ తర్వాత తాను చేసినదాన్ని తిరిగి పరిశీలించుకోవడం. మొదటి అడుగులో మన విద్యార్థులు నిజానికి బాగానే ఉంటారు. బీపీ సరిగ్గా చూస్తారు, పల్స్ పూర్తి నిమిషం లెక్కపెడతారు, ఛార్టులో అందంగా రాస్తారు. అయితే రాసిన అంకె పక్కనున్న అంకెతో కలిసి ఏం చెబుతోందో అడిగితే మౌనం వహిస్తారు. కేర్ ప్లాన్‌ను పుస్తకం చూసి నింపడం అలవాటైన విద్యార్థికి రోగిని చూసి ప్లాన్ మార్చుకోవడం వేరే విద్య, దానికి వేరే సాధన కావాలి.

ఈ లోపం నాకు బాగా తెలుసు, ఎందుకంటే అది నాదే. మూడో సంవత్సరంలో ఈ నగరంలోని ఒక ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేస్తున్నప్పుడు డెంగీతో చేరిన ఒక యువతికి తెల్లవారుజామున జ్వరం దిగిపోయింది. నేను సంతోషంగా ఛార్టులో ఉష్ణోగ్రత రాసి, కింద "రోగి ప్రశాంతంగా నిద్రపోతున్నారు" అని చేర్చాను. డ్యూటీ సిస్టర్ ఛార్టు చూసి ఏమీ అనకుండా బెడ్ దగ్గరికి వెళ్లి, దుప్పటి తొలగించి, ఆ అమ్మాయి పాదాన్ని అరచేతిలోకి తీసుకున్నారు. "ఇటు రామ్మా, నువ్వూ పట్టుకుని చూడు" అన్నారు. పాదం కుండలో నీళ్లంత చల్లగా ఉంది. నేను నిద్ర అనుకున్నది నిద్ర కాదు, షాక్‌కు (రక్తప్రసరణ పడిపోయే స్థితికి) ముందు వచ్చే మగత. అరగంటలో ఆమెను ఐసీయూకు మార్చారు, ఆమె కోలుకున్నారు. డెంగీలో జ్వరం తగ్గే సమయమే ప్రమాద ఘట్టమని నేను అంతకు ముందే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. పరీక్షలో రాసిన వాక్యం ఆ రాత్రి బెడ్ దగ్గర నాకు గుర్తు రాలేదు.

అందుకే కాగితం కేసు, మానికిన్, నటించే రోగి, కంప్యూటర్ కేసు అనే నాలుగు పద్ధతులనూ ఇదే కేసు మీద నడిపి పోలుస్తాను.

కాగితం కేసు

ఒక రోగి కథను మూడు నాలుగు కాగితాలుగా విడగొట్టి, ఒకటి చదివి జవాబు రాశాకే తర్వాతిది ఇవ్వడం ఈ పద్ధతి. మొత్తం కథ ముందే చేతికి ఇచ్చే పాత కేస్ స్టడీకీ దీనికీ తేడా ఇదే. వార్డులో రేపటి రిపోర్టు ఇవాళ ఎవరూ ఇవ్వరు కాబట్టి తరగతిలోనూ ఇవ్వకూడదు.

నేను వాడే మొదటి కాగితంలో 19 ఏళ్ల యువతి, బరువు 50 కిలోలు, జ్వరం వచ్చి నాలుగో రోజు. ఉష్ణోగ్రత 39.2 డిగ్రీల సెల్సియస్, పల్స్ 104, బీపీ 112/72, శ్వాస నిమిషానికి 20, ఆక్సిజన్ 98 శాతం, హిమాటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 39, ప్లేట్‌లెట్లు 90 వేలు. రెండో కాగితం మర్నాటి ఉదయానిది. ఉష్ణోగ్రత 37.1, పల్స్ 112, బీపీ 100/82, శ్వాస 20, ఆక్సిజన్ 97, హిమాటోక్రిట్ 47, ప్లేట్‌లెట్లు 42 వేలు. రాత్రి నుంచి మూడుసార్లు వాంతి అయింది, కడుపు నొప్పి అంటోంది. పక్కన కూర్చున్న తల్లి "జ్వరం తగ్గింది కదమ్మా, ఇంటికి పంపిస్తారా?" అని అడుగుతోంది.

ఇక్కడ విద్యార్థుల చేత, రోగి పరిస్థితి దిగజారడాన్ని ముందే పసిగట్టడానికి వాడే న్యూస్-2 స్కోరు లెక్క వేయిస్తాను. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సవరించిన ఈ పట్టికలో మొదటి రోజు ఉష్ణోగ్రతకు 2, పల్స్‌కు 1, మొత్తం 3 వస్తుంది. రెండో రోజు పల్స్‌కు 2, సిస్టాలిక్ బీపీకి 2, మొత్తం 4. అత్యవసరంగా స్పందించమని ఆ పట్టిక చెప్పేది 5 నుంచి. అంటే స్కోరును మాత్రమే నమ్మిన విద్యార్థి "ఇంకా హద్దు దాటలేదు" అని రాస్తుంది. కానీ 100 నుంచి 82 తీసేస్తే మిగిలేది 18. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల ప్రకారం డెంగీలో పై, కింది బీపీల మధ్య తేడా 20 లేదా అంతకు తగ్గడం షాక్‌కు సూచన. హిమాటోక్రిట్ 20 శాతానికి పైగా పెరిగింది, అంటే రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారిపోతోంది. స్కోరు పట్టికలో ఈ రెండింటికీ గడి లేదు. ఈ ఒక్క తీసివేత చేసిన క్షణంలో తరగతిలో ముఖాలు మారతాయి. పట్టిక ఎందుకు అవసరమో, పట్టిక ఎక్కడ చాలదో ఒకేసారి అర్థమవుతుంది.

మూడో కాగితంలో డాక్టర్ వచ్చి గంటకు కిలోకు 5 నుంచి 10 మిల్లీలీటర్ల చొప్పున ఐసోటోనిక్ (రక్తంతో సమాన గాఢత ఉన్న) ద్రవం పెట్టమంటారు. 50 కిలోల రోగికి అది 250 నుంచి 500 మిల్లీలీటర్లు. ప్రశ్న లెక్క గురించి కాదు. గంట తర్వాత ఏమేం చూస్తావు, ఏం కనిపిస్తే మెరుగైందంటావు, ఏం కనిపిస్తే ద్రవం ఎక్కువైందని భయపడతావు అన్నది ప్రశ్న.

ఈ పద్ధతికి ఖర్చు జిరాక్స్ ఖర్చే. అరవై మంది ఉన్న తరగతిని ఆరేడుగురి బృందాలుగా చేసి ఒకేసారి నడపవచ్చు. గమనించినదానికి అర్థం చెప్పుకునే అడుగుకు ఇంతకు మించిన సాధనం నాకు కనిపించలేదు. లోటు కూడా స్పష్టమే: అంకెలన్నీ మనమే ఏరి చేతిలో పెడుతున్నాం. చల్లబడిన పాదాన్ని కాగితం మీద రాస్తే అది సమాచారం అవుతుంది కానీ విద్యార్థి చేయి దాన్ని వెతికి పట్టుకోదు.

మానికిన్

అస్మండ్ లార్డాల్ 1960లో తెచ్చిన రెససీ ఆన్ బొమ్మ నుంచి, శ్వాస తీసుకుంటూ, పల్స్ మారుస్తూ, మాట్లాడే నేటి మానికిన్ల వరకు ఈ దారి చాలా దూరం వచ్చింది. స్పందించే అడుగుకు ఇది సరైన చోటు. ఎవరు ఐవీ లైన్ చూస్తారు, ఎవరు డాక్టర్‌కు ఫోన్ చేస్తారు, ఎవరు తల్లిని పక్కకు తీసుకెళతారు అనే పని పంపకం కాగితం మీద సాధన కాదు. ఫోన్‌లో ఎస్‌బార్ పద్ధతిలో, అంటే పరిస్థితి, నేపథ్యం, అంచనా, కోరేది అనే వరుసలో, చెప్పడం కూడా ఇక్కడే నోటికి వస్తుంది: "సర్, ఫిమేల్ మెడికల్ వార్డు నుంచి మాట్లాడుతున్నాను. ఆరో బెడ్, డెంగీ ఐదో రోజు. జ్వరం తగ్గింది కానీ బీపీ 100/82, పల్స్ 112, పాదాలు చల్లగా ఉన్నాయి, హిమాటోక్రిట్ 39 నుంచి 47కు పెరిగింది. షాక్ మొదలైందని నా అనుమానం. మీరు వెంటనే వచ్చి చూడాలి." ఈ చివరి రెండు వాక్యాలు పలకడానికి మన విద్యార్థులకు ఎంత కష్టమో చూసినవారికే తెలుస్తుంది. డాక్టర్‌తో "నా అనుమానం" అనవచ్చని వారికి ఎవరూ చెప్పి ఉండరు.

ఖరీదైన మానికిన్లు లక్షల్లో ఉంటాయి, నిర్వహణ ఒప్పందం వేరు, నడిపే మనిషి వేరు. ఆ మనిషి లేక గాజు గదిలో ముసుగేసి ఉంచిన మానికిన్లను, తనిఖీ వచ్చిన రోజు మాత్రమే ముసుగు తీయడాన్ని నేను చూశాను, చూసిన ప్రతిసారీ బాధ కలిగింది. మాటలు రాని మామూలు మానికిన్ పక్కన ట్యూటర్ నిలబడి, విద్యార్థి బీపీ చూసినప్పుడే అంకె చెబుతూ నడిపినా ఈ కేసు చక్కగా సాగుతుంది. పాదాలకు తరగతికి ముందు పది నిమిషాల పాటు ఐస్ ప్యాక్ చుట్టి ఉంచి, తీసేసి, దుప్పటి కప్పండి. చెయ్యి పెట్టి చూసిన విద్యార్థికి దొరుకుతుంది, చూడనివారికి దొరకదు. ఎవరు చూశారో, ఎవరు చూడలేదో ఆ తర్వాతి చర్చకు చాలినంత విషయం.

ఇలాంటి కృత్రిమ సాధన (సిమ్యులేషన్) వార్డు పోస్టింగ్‌కు ఎంతవరకు బదులు కాగలదన్న ప్రశ్నకు అమెరికాలో నర్సింగ్ లైసెన్సు బోర్డుల సంఘమైన ఎన్‌సీఎస్‌బీఎన్ 10 కళాశాలల్లో జరిపి 2014లో వెలువరించిన అధ్యయనాన్ని అందరూ చూపిస్తారు. క్లినికల్ గంటల్లో సగం వరకు సిమ్యులేషన్‌తో నింపినా విద్యార్థుల జ్ఞానంలో, నైపుణ్యంలో, లైసెన్సు పరీక్ష ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదని అది తేల్చింది. అమ్మకందారులు ఈ మాటనే ముందు చెబుతారు. అయితే ఆ కళాశాలల్లో ట్యూటర్లకు సిమ్యులేషన్‌లోనూ, చర్చ నడపడంలోనూ ప్రత్యేక శిక్షణ ఇచ్చారన్నది దాని పక్కనే చదవాలి. మన దగ్గర క్లినికల్ గంటల లెక్క ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం సాగాలి కాబట్టి, మానికిన్ ఉంది కదా అని పోస్టింగ్ గంటలను సొంతంగా తగ్గించే ఆలోచన ఎవరూ చేయకూడదు.

నటించే రోగి

హోవర్డ్ బారోస్ 1963లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో, తర్ఫీదు పొందిన మనిషి రోగిగా నటిస్తారు. బెంగళూరులో చదివే తెలుగు విద్యార్థికి దీని అవసరం మిగతా మూడింటికన్నా ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను. మన విద్యార్థి తెలుగులో ఆలోచిస్తుంది, కన్నడంలో వింటుంది, ఇంగ్లిష్‌లో ఛార్టు రాస్తుంది. ఈ మూడింటి మధ్య అర్థం జారిపోయే చోట్లు ఉన్నాయి.

ఒక్క ఉదాహరణ చాలు. రోగి కన్నడంలో "తుంబా (చాలా) సుస్తు" అన్నారనుకోండి. తెలుగులో సుస్తీ అంటే ఒంట్లో బాగా లేకపోవడం, కాబట్టి విద్యార్థి "ఆస్పత్రిలో ఉన్నవాళ్లకు సుస్తీ కాక ఇంకేముంటుంది" అనుకుని ముందుకు సాగిపోతుంది. కన్నడంలో సుస్తు అంటే నీరసం, ఒళ్లు లేవకపోవడం. డెంగీలో మగత, నిస్సత్తువ ప్రమాద సూచనలు. తెలిసిన మాటే కదా అనుకున్నచోటే ప్రమాదాన్ని వదిలేస్తున్నాం. "తలె సుత్తు" (తల తిరగడం), "హొట్టె నోవు" (కడుపు నొప్పి) వంటివి ఎలాగో పట్టుబడతాయి. ఇలా తెలుగు ముఖంతో కనిపించే మాటలే మోసం చేస్తాయి.

నటించడానికి నిపుణులే రావాలని లేదు. కన్నడం మాట్లాడే సీనియర్ విద్యార్థి, పదవీ విరమణ చేసిన సిస్టర్, ఆఫీసు సిబ్బందిలో ఆసక్తి ఉన్నవారు గంటన్నర సాధనతో సిద్ధమవుతారు. వారికి ఒక పేజీ రాసి ఇవ్వాలి: అడగకపోయినా ఏం చెప్పాలి, అడిగితేనే ఏం చెప్పాలి, ఎంత అడిగినా ఏం చెప్పకూడదు. మా కేసులో మూత్రం తగ్గిన సంగతి రోగి తనంతట తాను చెప్పదు. రాత్రి నుంచి ఎన్నిసార్లు వెళ్లారని నేరుగా అడిగినవారికే "ఒక్కసారి" అనే జవాబు వస్తుంది. తల్లి పాత్ర వేసేవారికి రోగి పాత్ర వేసేవారికంటే ఎక్కువ తర్ఫీదు ఇవ్వండి, ఎందుకంటే ఇంటికి పంపమనే ఒత్తిడిని తట్టుకుని మర్యాదగా కారణం చెప్పడం ఈ కేసులో అన్నింటికన్నా కష్టమైన పని.

దీని పరిమితులు రెండు. నటి పల్స్‌ను మనం మార్చలేం కాబట్టి అంకెలను కార్డు మీద చూపించాలి. అలాగే ఒకరి తర్వాత ఒకరిగా అరవై మందిని పంపడం ఒక రోజులో కాదు.

కంప్యూటర్ కేసులు

ఇక్కడ ఎక్కువసేపు ఆగను. హాస్టల్ గదిలో ఒంటరిగా, ఎన్నిసార్లైనా, తప్పు చేస్తే ఎవరూ చూడకుండా సాధన చేయవచ్చన్నది పెద్ద సౌకర్యం. అమెరికా వెళ్లాలనుకునేవారికి ఇది దాదాపు తప్పనిసరి. 2023 ఏప్రిల్ నుంచి అక్కడి నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌లో దశలవారీ కేసులు వస్తున్నాయి. ఒక్కో కేసుకు ఆరు ప్రశ్నలు ఉంటాయి. సూచనలు గుర్తించడం, వాటిని విశ్లేషించడం, ఏది ముందు అనుమానించాలో తేల్చడం, మార్గాలు ఆలోచించడం, చర్య తీసుకోవడం, ఫలితం చూడటం అనే క్రమంలో అవి సాగుతాయి. ఈ ఆరు మెట్లనూ కాగితం కేసులకు కూడా అరువు తెచ్చుకోవచ్చు, నేను తెచ్చుకున్నాను.

లోటు ఏమిటంటే తెర మీద ఎంపికలు సిద్ధంగా ఉంటాయి. నాలుగింటిలో "పాదాలు తాకి చూడండి" అని ఒకటి ఉంటే దాన్ని గుర్తుపట్టడం సులువు. నైట్ డ్యూటీలో ఆ వాక్యం ఏ గోడ మీదా రాసి ఉండదు. ఈమధ్య విద్యార్థులు కృత్రిమ మేధ చాట్‌బాట్‌ను రోగిగా మాట్లాడమని అడిగి సాధన చేస్తున్నారు. ప్రశ్నలు అడగడం అలవాటు కావడానికి అది పనికొస్తుంది. కానీ అది చెప్పే డోసును, వైద్య సలహాను పుస్తకంతో, ట్యూటర్‌తో సరిచూసుకోకుండా నమ్మరాదు. వార్డులోని అసలు రోగి వివరాలను ఎట్టి పరిస్థితిలోనూ అందులో పెట్టరాదు.

చర్చ లేకపోతే ఏ పద్ధతీ నిలవదు

కేసు ఇరవై నిమిషాలు నడిస్తే చర్చకు ముప్పై, నలభై నిమిషాలు ఉంచాలి. సమయం చాలలేదని చర్చను కోసేసే కళాశాల, కేసును కోసి చర్చను ఉంచుకోవాలి. నాలుగు పద్ధతుల మధ్య తేడా కన్నా చర్చ బాగా జరగడానికీ జరగకపోవడానికీ మధ్య తేడాయే పెద్దదని నా అనుభవం. "పాదాలు ఎందుకు చూడలేదు?" అని అడిగితే విద్యార్థి తల దించుకుంటుంది, సారీ మేడమ్ అంటుంది, అంతటితో ఆలోచన ఆగిపోతుంది. దాని బదులు "నువ్వు ఉష్ణోగ్రత రాశాక నేరుగా ప్లేట్‌లెట్ల రిపోర్టు వైపు వెళ్లడం నేను చూశాను. ఆ క్షణంలో నీ మనసులో ఏముంది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకోవాలి. ఒక అమ్మాయి నాకు ఇచ్చిన జవాబు: "డెంగీ అంటే ప్లేట్‌లెట్లే మేడమ్, మా ఊళ్లో అందరూ వాటి గురించే అడుగుతారు." అసలు లోపం అక్కడ దొరికింది. ప్లేట్‌లెట్ల అంకె మీద ఉన్న భయం రక్తప్రసరణ మీది దృష్టిని మింగేస్తోంది. ఏ మానికినూ ఈ జవాబును బయటికి తీయలేదు.

మార్కులు వేయాల్సి వస్తే కాథీ లాసాటర్ 2007లో టానర్ నమూనా ఆధారంగా తయారు చేసిన రూబ్రిక్ (మార్కుల కొలమానం పట్టిక) వాడుకోవచ్చు. అందులో 11 అంశాలు, ఒక్కోదానికి నాలుగు స్థాయిలు ఉన్నాయి. కానీ మొదటి మూడు కేసులకు మార్కులు వద్దు. మార్కు పడుతుందని తెలిస్తే విద్యార్థి తన అసలు ఆలోచన కాకుండా మనకు నచ్చే ఆలోచన చెబుతుంది.

ఇక ఎంపిక

ఇద్దరు ముగ్గురు ట్యూటర్లు, మామూలు స్కిల్ ల్యాబ్ ఉన్న కళాశాల అయితే సెమిస్టర్‌కు నాలుగు కాగితం కేసులు, వాటిలో ఒకదాన్ని మామూలు మానికిన్ మీద మళ్లీ నడపడం సరిపోతుంది. అదే కేసును రెండుసార్లు చేయిస్తే విసుగు వస్తుందని అనుకోవద్దు. కాగితం మీద సరిగ్గా చెప్పిన విద్యార్థి బెడ్ పక్కన అదే విషయంలో తప్పు చేయడం తానే చూసుకున్నప్పుడు నేర్చుకునేది చాలా ఎక్కువ. మొదటి రెండు సెమిస్టర్ల వారికి ఒకే కాగితం, ఒకే నిర్ణయం ఉన్న చిన్న కేసులు చాలు. ద్రవాల లెక్క, తల్లి ఒత్తిడి వంటివి మెడికల్ సర్జికల్ పోస్టింగ్ మొదలయ్యాక చేర్చండి. విద్యార్థుల్లో ఎక్కువమంది ఆంధ్ర నుంచి వచ్చినవారైతే, మానికిన్ కొనే ముందు నటించే రోగి మీద ఒక ఏడాది శ్రమ పెట్టమని నా సలహా. విదేశీ పరీక్షలకు సిద్ధమయ్యే చివరి సంవత్సరం వారికి కంప్యూటర్ కేసుల చందా సమంజసం, అయితే వారానికొకసారి ఒక కేసును తరగతికి తెచ్చి అందరితో చర్చించే షరతు మీద. ఖరీదైన మానికిన్‌ను, దాన్ని నడపడానికి ఒక ట్యూటర్‌ను ఇతర పనుల నుంచి తప్పించగలమని యాజమాన్యం రాతపూర్వకంగా ఒప్పుకున్నప్పుడే కొనండి.

మొదటి కేసు రాయడానికి కూర్చున్నప్పుడు పుస్తకం నుంచి కాకుండా మీ వార్డు అనుభవం నుంచి తీసుకోండి. వయసు, ఊరు, తేదీలు, కుటుంబ వివరాలు అన్నీ మార్చి ఆ మనిషిని ఎవరూ గుర్తుపట్టలేకుండా చేయండి. అంకెలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చూడటానికి, ఇప్పటికీ వార్డులో పనిచేస్తున్న ఒక సిస్టర్‌కు కాగితాలు వరుసగా ఇచ్చి చదివించండి. రెండో కాగితం చదువుతున్నప్పుడు ఆమె వేలు ఏ అంకె దగ్గర ఆగిందో గమనించి రాసుకోండి. తరగతిలో విద్యార్థుల వేళ్లు ఎక్కడ ఆగుతాయో దానితో పోల్చుకోవచ్చు.